ముందు కూర్చునే మనిషి

మా క్రాసులోని బస్ షెల్టరుకు ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం కలిగింది. పోయిన వారం దానికొక ఫ్లెక్సీ కట్టారు.

షెల్టరు కట్టి చాలా కాలమైంది. కట్టించిన నాయకుడి బొమ్మ ఎండకు వెలిసి, ఆయనెవరో పోల్చుకోలేనంతగా మారిపోయింది. అన్నీ ఉన్నాయి, బస్సు ఒక్కటే తక్కువ. నల్లమలలో పెద్దపులిని కళ్ళారా చూశానని ప్రమాణం చేసేవాళ్ళు ఆత్మకూరు పక్కన ఊరికి పదిమంది దొరుకుతారు గానీ, మా షెల్టరు ముందు సిటీ బస్సు ఆగగా చూశానని చెప్పే మనిషి నాకింతవరకు తారసపడలేదు. వస్తుందంటారు. హారను విన్నామంటారు. పోయాక లేచిన దుమ్ము చూసినవాళ్ళున్నారు. ఎప్పుడైనా మనసు కరిగి ఆగినా, షెల్టరు దాటి అల్లంత దూరాన ఆగుతుంది, పరుగు పందెం పెట్టినట్టు. ఆడవాళ్ళకు టికెట్టు లేదని ప్రభుత్వం అన్నది. చాలా మంచి మాట. మా క్రాసులో బస్సు కూడా లేదు గనక లెక్క సరిపోయింది.

ఇక ఆ ఫ్లెక్సీ సంగతి. ఫ్లెక్సీ నిండా ఆకాశం, ఆకాశంలో మేఘాలు, మేఘాల్లో రెండు తెల్ల పావురాలు, ఒక శిలువ, వీటన్నిటి మధ్య ఇరుక్కొని ఆయన. కింద వరసగా మా స్టాండు ఆటో డ్రైవర్లు, నల్ల కళ్ళద్దాలతో. ఎంత దుఃఖంలో ఉన్నా కళ్ళద్దాలు పెట్టుకొని, ఛాతీ ముందుకు తోసి నిలబడడం మా సీమ ఫ్లెక్సీ మర్యాద. ఆయన చెవి పక్కన ఇనుప రాడ్డు ముక్క ఒకటి మిగిలిపోయి ఉంది. ఎంత కత్తిరించినా ఆటో తగలని ఫోటో దొరకలేదట. పైన అక్షరాలు: మా స్టాండు పెద్దాయనకు కన్నీటి వీడ్కోలు.

పేరు లేదు.

"ఏం మద్దిలేటీ, ఇంత ఖర్చు పెట్టి పేరు వేయించలేదే," అన్నాను. మద్దిలేటి మా స్టాండులో అందరికంటే పాత డ్రైవరు. రాడ్డుకు ఆనుకొని టీ తాగుతున్నాడు.

"ఎవురికి తెల్సు సార్. పెద్దాయనా అంటే పలికేటోడు. ఊరికి ఫోన్ చేసి కనుక్కుందామంటే, ఏమని అడగాల? మీ ఊర్లో సచ్చిపోయిన పెద్దాయన పేరేమప్పా అనా?"

అంత దుఃఖంలోనూ నాకు నవ్వు వచ్చింది. వాడికీ వచ్చింది. 

పెద్దాయన గురించి చెప్పాలంటే ముందు మా ఆటోల గురించి చెప్పాలి. కర్నూలు ఒకప్పుడు రాజధాని. ఆ రాజధాని ఇక్కడ ఎక్కి హైదరాబాదులో దిగింది. మా ఊరినుంచి అనుకున్న వేళకు బయలుదేరిన ప్రయాణం చరిత్రలో అదొక్కటే. మిగిలిన ప్రయాణాలన్నీ షేరాటోల చేతిలో ఉన్నాయి. నా వెన్నుపూస చూసిన డాక్టరు స్కూటరు మానేసి ఆటోలో హాయిగా వెళ్ళమన్నాడు. ఆయన పాపం కారులో తిరిగే మనిషి.

ఆటో ముగ్గురి కోసం పుట్టిన బండి. పుట్టినప్పుడు దానికీ ఏవో ఆశలు ఉండే ఉంటాయి. నంద్యాల రోడ్డు మీదికి వచ్చేసరికి వెనక సీట్లో నలుగురు, ఎదురుగా పలక మీద ముగ్గురు, డ్రైవరుకు అటిద్దరు ఇటిద్దరు. డ్రైవరు ఒక తొడను మాత్రం లోపల ఉంచి, మిగతా శరీరాన్ని రోడ్డుకు అప్పగించి, చేయి చాచి బండి నడుపుతాడు. లోపల ఎవరి అవయవం ఎవరిదో తేల్చుకోవడం కష్టం. ఒకరోజు మోకాలు దురద పెడితే గోక్కున్నాను. పక్కాయన కళ్ళు మూసుకొని, "ఇంకొంచెం కిందికి సార్," అన్నాడు.

ఈ బండి నిండనిదే కదలదు. ఆ నియమం ఏ చట్టంలోనూ లేదు గానీ అన్ని చట్టాల కన్నా గట్టిగా అమలవుతుంది. అందువల్ల ముందు ఎక్కినవాడు అందరికంటే ఎక్కువసేపు ఉడకాలి. అందువల్ల ఎవడూ ముందు ఎక్కడు. పొద్దున్నే మా క్రాసుకు వస్తే ఈ దృశ్యం చూడవచ్చు. షెల్టరు నీడలో పదిమంది. ఎదురుగా ఖాళీ ఆటో. పదిమందికీ వేళ మించిపోతోంది. పదిమందీ ఒక్కసారి ఎక్కితే అది ఆ క్షణమే కదులుతుంది. ఎక్కరు. ఎవడో ఒకడు ముందు ఎక్కితే తరువాత చూద్దామని పక్కవాడి ముఖం చూస్తుంటారు. పక్కవాడు ఇతని ముఖం చూస్తుంటాడు. మన దేశం ఎందుకిట్లా ఉందని పెద్ద పెద్ద పుస్తకాలు రాసేవాళ్ళు వచ్చి ఒక పొద్దున మా షెల్టరు కింద నిలబడితే కాగితం ఖర్చు తగ్గుతుంది.

ఈ చిక్కుముడిని విప్పినవాడు పెద్దాయన. ఆయన ముందు ఎక్కేవాడు.

మనిషి చింతబరికెలాగా ఉండేవాడు. ఎంత సన్నమంటే, ఆయన కూర్చున్న చోట ఖాళీ ఉందనుకొని జనం సంచీలు పెట్టబోయేవాళ్ళు. కానీ అదేమి విద్యో, ఆయన ఎక్కి కూర్చుంటే ఆటో నిండుగా కనపడేది. నడిమధ్యన కూర్చునేవాడు కాదు. అట్లా కూర్చుంటే తీరిగ్గా ఉన్నట్టు కనపడతామని ఆయన సిద్ధాంతం. అంచున కూర్చొని, ఒక చెయ్యి రాడ్డుకు వేసి, మెడ బయటికి చాచి, ఈ బండి ఇక కదులుతుంది, ఎక్కకపోతే మీ ఖర్మ అన్నట్టు జనాన్ని చూసేవాడు. ఉన్నది ఒక్క తువ్వాలు. అది భుజాన ఉంటే ఆదోని మార్కెట్టులో పత్తి అమ్మి వస్తున్న రైతు. తలకు చుట్టితే కూలికి పోతున్న మనిషి. మడిచి ఒళ్ళో పెట్టుకుంటే పింఛను తీసుకునే ఉద్యోగి. ఒక ఆటో నింపి దిగి, రెండో ఆటో ఎక్కేలోపల తువ్వాలు మారిపోయేది. నాటకాల వాళ్ళకు తెర కావాలి, రంగు కావాలి. ఈయనకు మూరెడు గుడ్డ చాలింది.

అన్నిటికంటే గొప్పది ఫోను. మీటలు అరిగిపోయిన చిన్న ఫోను, అందులో బ్యాలెన్సు ఉండగా నేనెప్పుడూ చూడలేదు. జనం మరీ మొండికేసి నిలబడితే దాన్ని చెవికి పెట్టి, చెక్‌పోస్టు దాకా వినపడేట్టు అరిచేవాడు.

"ఆఁ అప్పా, ఎక్కినా. ఆటో ఎక్కినా. బయల్దేరినాది. రెండు నిమిషాల్లో రాజ్‌విహారు కాడుంటా. ఒక సీటే ఉండాది, అది గూడ నిండితే పోతాండాం."

ఆ ఒక్క సీటు కోసం పదిమంది కదిలేవాళ్ళు. ముందు ఒకడు, తరువాత ఇద్దరు, తరువాత పుష్కరాల తొక్కిసలాట. అందరూ ఇరుక్కున్నాక, చివరి మనిషి వేలాడుతుండగా, పెద్దాయన చల్లగా దిగి తువ్వాలు దులుపుకునేవాడు. ఆ చోట్లో చివరి మనిషి కూర్చునేవాడు. బండి కదిలేది. ఆయన దుమ్ములో నిలబడి తరువాతి బండివైపు నడిచేవాడు.

నేనూ ఆ ఫోను నమ్మి ఎక్కినవాణ్ణే. రెండు మూడు రోజులకు గుట్టు తెలిసింది. ఒకరోజు ఆయన పక్కన కూర్చొని మెల్లగా అడిగాను.

"ఏం పెద్దాయనా, రోజూ ఎక్కుతావు, రోజూ దిగుతావు. పొయ్యేది మాత్రం లేదు."

"మీరు పోతాండారు గదప్పా."

"మేం పోతే నీకేం వస్తుంది?"

"ఖాళీ బండి పీనిగ లెక్క. ఎవురూ దగ్గరికి రారు. ఒక మనిషి కూసుంటే దానికి ఉసురొస్తాది. ఉసురు తెప్పియ్యడం మంచి పనే గదా?"

"ఎక్కడ నేర్చావు ఇది?"

"మా ఊరి చర్చిలో," అన్నాడు. ఆయనది ఆదోని దాటాక కన్నడం వినపడే పక్క పల్లె. "గంట కొట్టినాంక గూడ అందరూ బైటనే నిలబడి పొగాకు నలుపుతాంటారు. లోపలికి ఎవురూ రారు. ముందు బెంచీ నిండితే గానీ ఎనకోళ్ళు కదలరు. మా పాస్టరయ్య నా చెయ్యి పట్టుకపోయి ముందు బెంచీలో కూసోబెట్టేటోడు. శిన్నప్పట్నుంచి అంతే. పెండ్లి బంతిలోనూ నన్నే ముందు కూసోబెడ్తారు. దేవుడైనా అంతే సారూ. ముందర ఒకడు కూసుంటే గానీ దేవుడుండాడని ఎవురూ నమ్మరు."

ఇంత పెద్ద మాట చెప్పి, పలక మీదికి ఒక బుట్టతో వచ్చినావిడకు చోటివ్వడానికి దిగిపోయాడు.

ఆయన ఈ పని ఊరికే చేసేవాడు కాదు. భార్య పెద్దాసుపత్రిలో ఉంది. ఒంటికి నీరు పట్టి, తగ్గి, మళ్ళీ పట్టి, చాలా రోజులుగా అక్కడే. ఆడవాళ్ళ వార్డులో రాత్రులు మగవాళ్ళు ఉండకూడదు గనక, ఈయన అప్పట్లో మా కాలనీలో అద్దెకుండిన తమ్ముడి కొడుకు ఇంట్లో పడుకొని, పొద్దున్నే ఆమెకు ఉప్పులేని కూడు వండి స్టీలు క్యారియరులో పెట్టుకొని క్రాసుకు వచ్చేవాడు. ఆసుపత్రిలో పెట్టేదీ ఉప్పులేని కూడే. అది ఆమె ముట్టేది కాదు.

"రెండూ చప్పిడివే గదా," అన్నాను ఒకసారి.

"అది వాళ్ళు ఉప్పెయ్యలేదు. ఇది నేను ఎయ్యలేదు. తేడా లేదా?" అన్నాడు. ఉందని ఒప్పుకున్నాను.

రోజూ ఆటో ఎక్కేందుకు దుడ్లు ఎక్కడివి. మొదట్లో నడిచి వెళ్ళేవాడట. ఎండాకాలం చెక్‌పోస్టు దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే ఎవరో ముఖాన నీళ్ళు చల్లి లేపారు. ఆ సంగతి తెలిసి ఆమె మంచం మీద లేచి కూర్చొని, తల కింద పెట్టుకునే బైబిలు మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది, ఇంక నడిచి రాకూడదు, ఆటో ఎక్కే రావాలని. అప్పుడు మద్దిలేటితో ఒప్పందం కుదిరింది. పొద్దుననుంచి ఆటోలు నింపాలి. మధ్యాహ్నం ఎవరో ఒకరు ఊరికే ఆసుపత్రి దగ్గర దించాలి. అప్పటిదాకా అందర్నీ పంపించి చివరకు తాను పోవాలన్నమాట.

ఆ చివరి ప్రయాణంలోనూ ఒక పట్టింపు. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే ఈయనే దిగిపోయేవాడు. డ్రైవరు అనకముందే.

"కూర్చో పెద్దాయనా, సర్దుకుంటాం," అంటే వినడు.

"దుడ్లిచ్చినోడు నిలబడితే ఊరికే పొయ్యేటోడు కూసోవడమేంది సారూ? నాయమా?"

సీ క్యాంపులో ఒకరికి, రాజ్‌విహారులో ఒకరికి, అట్లా న్యాయాలు జరిపించుకుంటూ ఆసుపత్రి చేరేవాడు. కూడు చల్లారేది. ఆమె తిట్టేదట. ఆ తిట్లు మరునాడు మాకు వినిపించేవాడు, గొంతు మార్చి, చెయ్యి తిప్పి, చాలా సంతోషంగా. "యాడ సచ్చినావు ఇంతసేపు? కర్నూల్లో ఆటోలు లేవా? ఊరంతా ఆటోలే అని నువ్వే చెప్తివి గదా?" ఆమెకు ఈయన చేసే పని తెలియదు. తన మొగుడు రోజూ మారాజులాగా ఆటోలో వస్తున్నాడనే ఆమె అనుకునేది.

ఆ రోజు సోమవారం. సోమవారాలు మా క్రాసు సంగతి చెప్పనక్కరలేదు. ఒంటిమిట్ట కల్యాణానికి వచ్చినంత జనం, వాళ్ళను మోయడానికి మూడు ఆటోలు. పెద్దాయన క్యారియరు కాళ్ళ మధ్య పెట్టుకొని మద్దిలేటి బండి అంచున కూర్చొని ఉన్నాడు. నేను వెనక సీటులో, ఒకావిడ కూరగాయల బుట్టకు నా గడ్డం ఆనించి, ఊపిరి వంతుల వారీగా పీల్చుకుంటున్నాను.

ఫోను మోగింది.

ఆ ఫోను మోగడం నేను వినలేదు. ఎవరూ విన్నట్టు లేరు. ఇటుపక్క ఇసుక లారీ, అటుపక్క కాలేజీ బస్సు, మధ్యలో మద్దిలేటి గొంతు, చెక్‌పోస్టు, సీ క్యాంపు, రాజ్‌విహారు, పెద్దాసుపత్రి అని మంత్రాలు చదువుతోంది. మాకు తెలిసిందల్లా పెద్దాయన ఫోను చెవికి పెట్టి మాట్లాడుతున్నాడని.

"ఆఁ సిస్టరమ్మా. నేనే. ఎప్పట్నుంచి... ఎక్కినా. ఆటో ఎక్కినా. వస్తాండానని చెప్పు. దోవలోనే ఉండానని చెప్పమ్మా."

మద్దిలేటి పలక మీద కూర్చున్నవాళ్ళకు కన్ను కొట్టాడు. "ఈ పొద్దు కొత్త డైలాగుండాది. సిస్టరమ్మను గూడ దించినాడు."

అందరం నవ్వాం. చోటు లేదు గనక నవ్వు ఒకరి కడుపులోంచి ఒకరి కడుపులోకి పోయింది.

"మద్దిలేటీ, ఈ పొద్దు నేను పోవాల," అన్నాడు పెద్దాయన.

"పోదువులే పెద్దాయనా. మధ్యాన్నం నేనే దింపుతా."

"మధ్యాన్నం గాదు. ఇప్పుడే పోవాల."

"అట్లనే. ముందు దిగు, టీచరమ్మ నిలబడినాది సూడు. ఆయమ్మకు బడి టైమైతాంది."

టీచరమ్మ నిజంగానే నిలబడి ఉంది, చేతిలో చిల్లర పట్టుకొని. పెద్దాయన ఆమె ముఖం చూశాడు. ఆమె చేతిలో చిల్లర చూశాడు. ఒక్క క్షణం రాడ్డు పట్టుకొనే ఉన్నాడు. తరువాత క్యారియరు తీసుకొని దిగాడు. టీచరమ్మ ఎక్కింది. బండి కదిలింది. బుట్ట సందులోంచి నాకు ఆయన తువ్వాలు కనపడింది. తలకు చుట్టి లేదు, భుజాన లేదు, ఒళ్ళో లేదు. నేల మీద ఈడుస్తూ ఉంది. ఎవరి వేషమబ్బా ఇది, భలే కొత్తగా ఉందే అనుకున్నాను.

తరువాతి సంగతి మస్తాను చెప్పాడు. మస్తాను మా స్టాండులో కుర్ర డ్రైవరు, ఎప్పుడూ పాటలు పెట్టుకొని తిరిగేవాడు. ఆ మరునాటినుంచి కొన్నాళ్ళు పాటలు లేవు.

"మీ బండి పోయినాంక నా బండి ఎక్కినాడు సార్. ఈ పొద్దు పోవాల మస్తానూ అన్నాడు. హాఁ హాఁ అన్నా నేను. రోజూ అనేదే కదా. నిండినాది. ఇద్దరు ఎక్కువైనారు. నేను దిగమనలేదు సార్, అల్లా మీద ఒట్టు, ఆయనే దిగిపోయినాడు. నా ఎనక బండి కూడ ఎక్కినాడంట. దాంట్లోనుంచీ దిగినాడంట."

"భార్య చావుబతుకుల్లో ఉందని చెప్పలేదా?"

"చెప్పింటే నేను ఖాళీ బండి తీసుకొని పోయేటోణ్ణి కాదా సార్," అన్నాడు మస్తాను. వాడు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే పోయేవాడు. మద్దిలేటీ పోయేవాడు. మా క్రాసులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఎంత వెతికినా ఒక్కడు దొరకడు. దొరికితే ఎంత బాగుండేది.

ఆ రోజే, ఏ పురుగు కుట్టిందో, సిటీ బస్సు వచ్చిందట. షెల్టరు కింద ఆడవాళ్ళను చూసి, దాటి, అలవాటు ప్రకారం అల్లంత దూరాన ఒక్క క్షణం ఆగింది. పెద్దాయన క్యారియరు పట్టుకొని పరిగెత్తాడు. కాలేజీ పిల్లలు ఎక్కారు. క్యారియరు మూత ఊడి కూడు రోడ్డు మీద పడింది. బస్సు వెళ్ళింది. ఆయన ఒంగి మూత తీసుకొని, ఇక ఏ బండివైపూ చూడకుండా, బైబిలు మీద పెట్టిన ఒట్టు తీసి గట్టున పెట్టి, చెక్‌పోస్టువైపు నడిచాడు.

ఆయన చేరేసరికి ఆమె ముఖం మీదికి దుప్పటి లాగి ఉంది.

సాయంత్రానికి సంగతి స్టాండుకు తెలిసింది. మద్దిలేటి షెల్టరు అరుగు మీద కూర్చొని చాలాసేపు లేవలేదు. డ్రైవర్లంతా ఆసుపత్రికి పోయారు. శవాన్ని ఆసుపత్రి బండిలో ఊరికి పంపారు. దాని వెనక మద్దిలేటి ఆటో, అందులో వెనక సీటు మొత్తం మీద పెద్దాయన ఒక్కడే. ఆదోని దాటి ఆ పల్లె దాకా ఎవరినీ ఎక్కించుకోలేదు. మా క్రాసుకు చెందిన ఆటో నిండకుండా కదలడం నాకు తెలిసి అదే మొదలు. దారిపొడుగునా జనం చేతులెత్తారట, బండి ఖాళీగా ఉంది, ఆపరేమని. పెద్దాయన ఒకటి రెండుసార్లు జరిగి చోటిచ్చాడట, ఎవరైనా ఎక్కుతారేమోనని.

పోయినవాళ్ళ కోసం చర్చివాళ్ళు జరిపే ఆదరణ కూడిక అయ్యాక, ఇక రాడనుకున్నాం. రాకుండా ఎక్కడికి పోతాడు. ఆ పల్లెలో ఆయనకు ముందు బెంచీ తప్ప ఏముంది. ఒక పొద్దున వచ్చి షెల్టరు అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో క్యారియరు లేదు. డ్రైవర్లు ఆయన ముందు తలలు వంచుకొని తిరిగారు. మద్దిలేటి టీ తెచ్చి ఇచ్చి, "యాడికన్నా పోవాలంటే చెప్పు పెద్దాయనా, ఎప్పుడైనా, యాడికైనా," అన్నాడు. ఆయన టీ తాగి, "యాడికి పోవాలప్పా నేను," అన్నాడు. ఊరికే అడిగాడు, నిజంగా తెలియక అడిగినట్టు. మద్దిలేటి గ్లాసు తీసుకొని వెళ్ళిపోయాడు.

నేను పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు నేను ఎక్కువ మాట్లాడతాను. అది నా జబ్బు.

"ఆ రోజు గట్టిగా చెప్పి ఉండాల్సింది పెద్దాయనా."

"చెప్పినా గదప్పా. పోవాలని చెప్పినా."

"అట్లా కాదు. అరిచి చెప్పాల్సింది. మాకు అర్థమయ్యేట్టు."

ఆయన నావైపు తిరిగాడు. కోపం లేదు. కోపం ఉంటే తట్టుకోవచ్చు.

"రోజూ అరుస్తాంటి గదా సారూ, ఎక్కినా, బయల్దేరినా అని. ఇంకెంత అరవాల?"

నేను రోడ్డువైపు చూశాను. బస్సేమైనా వచ్చి నన్ను గుద్దితే బాగుండుననిపించింది. మా క్రాసులో ఆ అదృష్టం కూడా లేదు.

"వార్డు సిస్టరమ్మ చెప్పినాది," అన్నాడు. "ఆమె కండ్లు తెరిచి అడిగిందంట. ఎక్కినాడా అని. ఎక్కినాడంట, వస్తాండాడు అని చెప్పినాదంట సిస్టరమ్మ. మల్లా కొంచేపటికి అడిగిందంట. ఎక్కినాడంటమ్మా అని మల్లా చెప్పినాదంట. సరే అని పండుకుందంట." తువ్వాలుతో అరుగు మీద లేని దుమ్ము తుడిచాడు. "అబద్ధం గాదప్పా. ఎక్కినా నేను. మూడు ఆటోలు ఎక్కినా."

 

ఎండ ఎక్కుతోంది. షెల్టరు నీడలో పదిమంది చేరి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మస్తాను ఖాళీ బండి తెచ్చి నిలిపాడు. వాడు పిలవలేదు. పిలిచే ముఖం వాడికి లేదు. పెద్దాయనే లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, పోయి అంచున కూర్చొని, రాడ్డు మీద చెయ్యి వేశాడు. ఫోను తియ్యలేదు. దాని తరువాత, ఊరికి పోయి అక్కడే కన్నుమూసేదాకా, ఆయన ఫోను తియ్యగా నేను చూడలేదు.

నాకు ఆఫీసు వేళ మించిపోతోంది. గబగబా వెళ్ళి ఆ బండి ఎక్కాను. ఆయన ఉన్నాడంటే, ఇక కదులుతుందిలే అనుకున్నాను.